సర్వరు ముందు కూర్చున్నవాడు

రేషన్ షాపులో వేలిముద్ర పడకపోయినా, రిజిస్ట్రేషన్ ఆఫీసులో పని ఆగినా, పరీక్షా ఫలితాల పేజీ గిర్రున తిరుగుతూ ఉండిపోయినా మనవాళ్లందరూ అనే మాట ఒక్కటే: సర్వర్ డౌన్. నేను హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో కాలేజీల వెబ్‌సైట్లు, అడ్మిషన్ల పోర్టళ్లు నడిపే క్లౌడ్ పనులు చూస్తాను. ఆ మాట వినపడగానే నేను సర్వర్ జోలికి పోను. చాలాసార్లు సర్వర్లు గోళ్లు గిల్లుకుంటూ ఖాళీగా ఉంటాయి. జనమే వాటిదాకా రాకుండా ముందెక్కడో ఆగిపోయి ఉంటారు. ఆగేది ఎక్కువగా లోడ్ బ్యాలెన్సర్ మీదుండే లిజనర్ దగ్గర. దాన్ని అమర్చడానికి పది నిమిషాలు చాలు. ఏం అమర్చాలో తేల్చుకోవడానికే సగం రోజు పడుతుంది. కొత్తగా చేరిన ఇంజనీర్లు ఆ పది నిమిషాలనే నేర్చుకొస్తారు, అక్కడే నాకు వాళ్లతో పేచీ.

ముందు లోడ్ బ్యాలెన్సర్ సంగతి. రద్దీగా ఉండే సైటును ఒక్క కంప్యూటర్ మోయలేదు. అందుకని ఒకే రకం కంప్యూటర్లు నాలుగో పదో పెట్టి, వచ్చినవాళ్లను వాటికి పంచే ఏర్పాటు ఒకటి ముందు ఉంచుతారు. ఒకప్పుడు ఇది డేటా సెంటర్ ర్యాకులో బిగించే ఖరీదైన పెట్టె. 2009 మే నెలలో అమెజాన్ తన క్లౌడ్‌లో దీన్ని అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టింది. 2016 ఆగస్టులో అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ వచ్చింది. వెబ్ అడ్రసులో ఏం రాసి ఉందో చదివి దాన్నిబట్టి పంపడం దీని ప్రత్యేకత. మరుసటి ఏడాది నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్ వచ్చింది. అది లోపలి సంగతి చదవదు, వచ్చిన కనెక్షన్‌ను వచ్చినంత వేగంగా అవతలికి నెడుతుంది. గూగుల్, మైక్రోసాఫ్ట్, ఒరాకిల్ క్లౌడ్‌లలోనూ ఇలాంటివే ఉన్నాయి, పేర్లు కాస్త అటూ ఇటూ. నా చెయ్యి తిరిగింది అమెజాన్ దాని మీదే కాబట్టి ఆ లెక్కలే చెబుతాను. 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ తెరిచాక మా సైట్లు కొన్ని ముంబై నుంచి ఇక్కడికి వచ్చేశాయి. ఇక్కడ మూడు అవైలబిలిటీ జోన్లు, అంటే విడివిడిగా నడిచే డేటా సెంటర్ల గుంపులు, ఉన్నాయి. అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్‌ను కనీసం రెండింటిలో పరచాలి. ఒక జోన్ పడిపోయినా రెండోది పలుకుతుందని.

క్లయింట్లందరూ మొదట అడిగేది "ఐపీ అడ్రస్ ఎంత మేడమ్?" అని. అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్‌కు స్థిరమైన ఐపీ ఉండదు. ఒక పొడవాటి పేరు ఉంటుంది, దాని వెనక అంకెలు మారుతూ ఉంటాయి. ఫీజులు కట్టించుకునే బ్యాంకు వాళ్లు తమ ఫైర్‌వాల్‌లో మా అంకె రాసుకుంటామంటే, ముందో నెట్‌వర్క్ లోడ్ బ్యాలెన్సర్ పెట్టాల్సి వస్తుంది. దానికి జోన్‌కొక స్థిర ఐపీ ఇవ్వొచ్చు. ఈ ఒక్క ముక్క అర్థం చేయించడానికి నేను గడిపిన మీటింగులు తలచుకుంటే ఇప్పటికీ నీరసం.

ఇక లిజనర్. ఇంటర్నెట్‌లో ఏ కంప్యూటర్‌కైనా ఐపీ అడ్రస్‌తో పాటు పోర్టులు ఉంటాయి, 65,535 దాకా. మామూలు వెబ్‌కు 80, తాళం గుర్తుతో వచ్చే సురక్షిత వెబ్‌కు 443. లోడ్ బ్యాలెన్సర్‌ను కొత్తగా సృష్టించి వదిలేస్తే అది ఏ పోర్టు దగ్గరా ఎవరినీ పలకరించదు. "ఈ పోర్టు దగ్గర, ఈ భాషలో వచ్చేవాళ్ల మాట విను, విన్నాక ఇలా చెయ్యి" అని మనం రాసిపెట్టేదే లిజనర్. కల్యాణ మండపం గుమ్మంలో నిలబడి, మగపెళ్లివారు ఇటు, భోజనాలకు అటు, ఈ పెళ్లి కాదు పక్క హాలు అని చెప్పే పెదనాన్న ఒకాయన ప్రతి ఇంటా ఉంటాడు. ఆయన వంట చేయడు, వడ్డించడు. కానీ ఆయన తప్పు దారి చూపిస్తే వెయ్యి మందికి వండిన భోజనం అలాగే ఉండిపోతుంది. లిజనర్ పని కూడా అంతే.

అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ లిజనర్‌కు తెలిసిన భాషలు రెండే, హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్. అందుకే మామూలు సైటుకు లిజనర్లూ రెండు చాలు. 80 దగ్గర ఒకటి, 443 దగ్గర ఒకటి. రెండిటికీ సెక్యూరిటీ గ్రూప్ అనే కంచెలో దారి తెరవాలి. లిజనర్ పెట్టి కంచె తెరవడం మరిచిపోతే పేజీ ఎర్రర్ కూడా చూపదు, అలా తిరిగి తిరిగి చివరికి చేతులెత్తేస్తుంది. పేజీ ఎర్రర్ చూపిందా, ఊరికే తిరుగుతోందా అని నేను ఫోనులో మొదట అడిగేది అందుకే.

మా టీమ్‌లో కొత్త కుర్రాడొకడు "80 ఎందుకక్కా, అంతా సెక్యూర్ చేశాం కదా, మూసేద్దాం" అన్నాడు. చదువుకున్న పుస్తకం ప్రకారం వాడి మాట సబబే. "మొన్నటి బ్రోచర్ మీద అడ్రస్ ఎలా అచ్చేశారో చూశావా?" అన్నాను. ఐదేళ్ల క్రితం అచ్చయిన కరపత్రాల్లో, పాత ఎస్సెమ్మెస్‌ల్లో, ఎవరో పెట్టిన లింకుల్లో అడ్రసు పాత పద్ధతిలోనే ఉంటుంది. వాటిని నొక్కిన తల్లిదండ్రులకు 80 దగ్గర ఎవరూ పలకకపోతే కాలేజీ వాళ్లు సైటు ఎత్తేశారనుకుంటారు. కాబట్టి 80 ఉండాలి, కానీ ఒక్క పని మాత్రమే చేయాలి. వచ్చినవాణ్ణి 443కి మళ్లించడం. దాన్ని రీడైరెక్ట్ అంటాం. లిజనర్‌లో ఆ ఏర్పాటు ఉంది కాబట్టి సర్వర్‌కు ఆ శ్రమ కూడా ఉండదు.

మళ్లించేటప్పుడు అడ్రసులో హోస్ట్, పాత్, క్వెరీ అనే మూడు భాగాల్నీ వచ్చినవి వచ్చినట్టే అవతలికి పంపాలి. క్వెరీని వదిలేసి రాసినవాళ్లను చూశాను. అప్పుడు హాల్ టికెట్ నంబరుతో సహా వచ్చిన లింకు నొక్కిన పిల్లవాడు, నంబరు పోగొట్టుకుని ఖాళీ పేజీలో తేలతాడు. ఇంకోటి, మళ్లింపులో 301, 302 అని రెండు రకాలున్నాయి. 301 అంటే శాశ్వతం. బ్రౌజర్ దాన్ని గుర్తుపెట్టుకుని మరుసటిసారి మనల్ని అడక్కుండానే అటు వెళ్లిపోగలదు. పరీక్షించి చూసుకునే దశలో 301 పెడితే, మనం తప్పు దిద్దుకున్నా జనం ఫోన్లు దిద్దుకోవు. అందుకే అంతా సరిగ్గా ఉందని తేలేదాకా 302, ఆ తర్వాతే 301. ఇది నా పట్టు, ఎవరు విసుక్కున్నా సరే.

443 దగ్గర అసలు బరువంతా ఉంటుంది. ఇక్కడి లిజనర్‌కు సర్టిఫికెట్ కావాలి. తాళం గుర్తు దానివల్లే వస్తుంది. ఫోను నుంచి గుప్తంగా వచ్చిన మాట ఇక్కడే విప్పబడుతుంది, విప్పాకే కదా లోపలి అడ్రసు చదివి దారి చూపించేది. ఒకే లిజనర్ మీద చాలా సర్టిఫికెట్లు పెట్టే వీలు 2017 నుంచి ఉంది. బ్రౌజర్ తాను ఏ సైటు కోసం వచ్చిందో పలకరింపులోనే చెబుతుంది, లిజనర్ దానికి తగ్గది తీసి చూపిస్తుంది. మేము నాలుగు కాలేజీల సైట్లను ఒకే లోడ్ బ్యాలెన్సర్ మీద నడుపుతున్నామంటే ఆ చలవే.

సైటు పేరుకు ముందు * గుర్తుతో ఉండే స్టార్ సర్టిఫికెట్ తీసుకుంటే అన్నిటికీ సరిపోతుందని ఒక నమ్మకం ఉంది. ఆ స్టార్ గుర్తు ఒక్క మెట్టుకే పనిచేస్తుంది. కాలేజీ పేరుకు ముందు "ఎగ్జామ్స్" అని ఉంటే చెల్లుతుంది. "రిజల్ట్స్ డాట్ ఎగ్జామ్స్" అని రెండు మెట్లు పెడితే చెల్లదు. ఏ ముందుమాటా లేని ఉత్త పేరుకూ చెల్లదు, దాన్ని విడిగా చేర్పించుకోవాలి. సర్టిఫికెట్ ఉండగానే ఎర్ర హెచ్చరిక వస్తోందని ఎవరైనా గాభరా పడితే పదిలో ఏడెనిమిదిసార్లు సంగతి ఇదే.

గడువు తీరడం మరో గొడవ. అమెజాన్ సర్టిఫికెట్ మేనేజర్ ఇచ్చేవి, డీఎన్‌ఎస్‌లో సైటు మనదేనని చెప్పే రుజువు పంక్తి కదలకుండా ఉన్నంతకాలం వాటంతటవే తిరిగి పుడతాయి. బయట కొని తెచ్చి ఎక్కించినవి అలా కావు, మనమే మార్చాలి. క్యాలెండర్‌లో రాసుకుని ఏడాదికోసారి మార్చే రోజులు కూడా పోయాయి. సర్టిఫికెట్ సంస్థలు, బ్రౌజర్ కంపెనీలు కలిసిన ఫోరం 2025లో ఒక నిర్ణయం తీసుకుంది. 2026 మార్చి 15 నుంచి గరిష్ఠ గడువు 200 రోజులు, 2027 మార్చి నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులే. నెలన్నరకోసారి చేత్తో మార్చడం మనిషి వల్ల అయ్యే పని కాదు. బయటి సర్టిఫికెట్టే కావాలని పట్టుబట్టే క్లయింట్లకు ఈ తేదీలు చూపిస్తున్నాను.

సర్టిఫికెట్ పక్కనే సెక్యూరిటీ పాలసీ అని ఇంకో పెట్టె ఉంటుంది. చాలామంది దాన్ని తాకకుండా ముందుకు పోతారు. ఏ కాలపు గుప్తభాషను, అంటే టీఎల్‌ఎస్ ఏ వెర్షన్‌ను, ఒప్పుకోవాలన్నది అక్కడే ఎంచుకోవాలి. టీఎల్‌ఎస్ 1.0, 1.1 పాతబడ్డాయి, వాటిని వాడొద్దని 2021 మార్చిలో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ ప్రకటించింది. 1.3 వచ్చింది 2018లో. పాలసీ పేర్లలోనే ఏడాది, నెల ఉంటాయి. 2016-08 అని ముగిసే పాతది 1.0ని కూడా రానిస్తుంది. భద్రత చూసుకుంటే 1.2 కంటే కిందివాటిని గెంటేయాలి. అయితే ఆండ్రాయిడ్ 5కి ముందు ఫోన్లలో 1.2 ముందుగా తెరిచి ఉండేది కాదు. అలాంటి ఫోను ఇంకా వాడే తండ్రి ఎక్కడో ఒక ఊళ్లో ఉంటాడు, కూతురి ఫీజు రసీదు కోసం మన సైటుకు వస్తాడు. నేను లాగ్‌లు తీసి పాత భాషలో వచ్చేవాళ్లు ఎంతమంది ఉన్నారో చూస్తాను. ఎక్కడా వేళ్ల మీద లెక్కపెట్టే సంఖ్య దాటలేదు. వాళ్లకు కాలేజీ ఆఫీసు నుంచి రసీదు వాట్సాప్‌లో పంపమని చెప్పి 1.2 దగ్గర గేటు వేయించాను. డబ్బు చేతులు మారే చోట ఇంతకంటే మెతకగా ఉండలేం.

ఇప్పుడు రూల్స్. నాకు ఇష్టమైన భాగం ఇదే. 443 లిజనర్ కింద ఒక్కో రూల్‌కు షరతు, చర్య ఉంటాయి. సైటు పేరు ఫలానా అయితే, అడ్రసులో స్లాష్ తర్వాత ఫలానా మాట ఉంటే, ఫలానా ఐపీ నుంచి వస్తే అని షరతులు. ఫలానా టార్గెట్ గ్రూప్‌కు పంపు, మళ్లించు, లేదా నువ్వే జవాబిచ్చెయ్ అని చర్యలు. టార్గెట్ గ్రూప్ అంటే ఒక పని కోసం నిలబెట్టిన సర్వర్ల గుంపు. ప్రతి రూల్‌కూ 1 నుంచి 50,000 లోపు ఒక ప్రయారిటీ అంకె ఇవ్వాలి. చిన్న అంకెను ముందు చదువుతుంది. మొదట అతికినదాని దగ్గరే ఆగిపోతుంది, కింద ఇంకా బాగా సరిపోయేది ఉన్నా చూడదు.

ఒక కాలేజీలో "స్లాష్ రిజల్ట్స్ స్లాష్ స్టార్" అన్న రూల్‌కు 10 ఇచ్చారు. అధ్యాపకులు మార్కులు ఎక్కించే "స్లాష్ రిజల్ట్స్ స్లాష్ అప్‌లోడ్" రూల్‌కు 20 ఇచ్చారు. స్టార్ అంటే ఆ తర్వాత ఏదైనా సరే అని. కాబట్టి అప్‌లోడ్ కూడా 10 దగ్గరే అతుక్కుపోతుంది. 20వ రూల్‌ను ఆ లిజనర్ ఎన్నడూ చదవలేదు. మార్కులు ఎక్కడం లేదని వాళ్లు సర్వర్లకు ర్యామ్ పెంచించుకున్నారు! అంకెలు తారుమారు చేస్తే సరిపోయింది. ఇరుకైన షరతు పైన, వెడల్పు షరతు కింద. అంకెల మధ్య ఖాళీలు వదిలి 10, 20, 30 అని ఇస్తే రేపు మధ్యలో ఒకటి దూర్చడం సులువు. అడ్రసులో పెద్దబడి, చిన్నబడి ఇంగ్లిష్ అక్షరాలు వేరువేరని కూడా గుర్తుంచుకోవాలి. పోస్టర్ వేసిన డిజైనర్ మొదటి అక్షరం పెద్దది వేస్తే రూల్ అతకదు. చివర స్లాష్ లేకుండా ఉత్త "రిజల్ట్స్" అని కొట్టినా, పైన చెప్పిన స్లాష్ స్టార్ రూల్ అతకదు.

ఏ రూల్‌కూ అతకనివాళ్లు డిఫాల్ట్ రూల్ దగ్గరికి వస్తారు. దానికి అంకె ఉండదు, షరతు ఉండదు, తీసేయడం కుదరదు. అందరూ దాన్ని అసలు సైటుకు పంపేలా పెట్టేస్తారు. నేను పెట్టను. డిఫాల్ట్‌లో సర్వర్‌దాకా పోకుండా లిజనరే 404 అని జవాబిచ్చేలా పెడతాను. మన సైటు పేరు తెలియకుండా ఐపీ అంకె పట్టుకుని తలుపులు తట్టే బాట్‌లు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ ఉందా, పాస్‌వర్డ్‌ల ఫైలు ఎవరైనా మరిచిపోయారా అని రాత్రింబవళ్లు వెతుకుతుంటాయి. సైటు పేరు షరతుగా రాసిన రూల్స్‌కు అవి అతకవు, డిఫాల్ట్‌లో 404 తిని పోతాయి. సర్వర్ లాగ్‌లు శుభ్రంగా ఉంటాయి, అసలు సమస్య వచ్చినప్పుడు వెతకడం తేలిక. పరిచయం లేనివాడికి ఏం చెప్పాలో ముందు రాసి, ఆ తర్వాతే తెలిసినవాళ్ల సంగతి చూడమని మా పిల్లలకు చెబుతాను.

లిజనరే జవాబిచ్చే ఈ ఫిక్స్‌డ్ రెస్పాన్స్‌తో ఇంకో ఉపయోగం ఉంది. ఒక అటానమస్ కాలేజీ సెమిస్టర్ ఫలితాలు ఉదయం 11 గంటలకు. పిల్లలు తొమ్మిదిన్నర నుంచే రిఫ్రెష్ కొడుతుంటారు, ప్రతి నొక్కుడూ సర్వర్‌కు, అక్కణ్ణుంచి డేటాబేస్‌కు పోతుంది, అక్కడ ఇవ్వడానికి ఏమీ ఉండదు. ఫలితాలు విడుదల కాకముందే సైటు అలిసిపోయేది ఇందుకే. మేము ముందు రోజు రాత్రే ప్రయారిటీ 5తో ఒక రూల్ పెట్టాం. ఫలితాల అడ్రసుకు వచ్చినవాళ్లందరికీ "ఫలితాలు 11 గంటలకు" అన్న అర్థం వచ్చే చిన్న సందేశం, 503 కోడ్‌తో. సందేశం 1,024 అక్షరాలు దాటకూడదు, బొమ్మలూ హంగులూ కుదరవు. అలాగే ఉండాలి కూడా. 10 గంటల 50కి పరీక్షల విభాగం వాళ్లు తమ ఆఫీసు నుంచి పేజీ సరిచూసుకోవాలన్నారు. వాళ్ల ఐపీ నుంచి వస్తే లోపలికి పంపమని ప్రయారిటీ 3తో ఇంకో రూల్ రాశాను. చూసుకున్నారు, సరేనన్నారు. 11కి 5వ రూల్ తీసేశాం. అప్పటిదాకా సర్వర్లు తాజాగా ఉన్నాయి, ఆ తర్వాత తోసుకొచ్చినవాళ్లందరికీ మార్కులు చూపించాయి. ప్రిన్సిపల్ గారు ఫోన్ చేసి "ఈసారి కొత్త సర్వర్లు కొన్నారా?" అని అడిగారు.

లిజనర్ వెనక ఉన్న అప్లికేషన్‌కు తన ముందు ఎవరో ఉన్నారని తెలియాలి. తెలియకపోతే విచిత్రాలు జరుగుతాయి. బయటి నుంచి హెచ్‌టీటీపీఎస్‌లో వచ్చిన మాటను లిజనర్ విప్పి లోపలికి మామూలు హెచ్‌టీటీపీలో ఇస్తుంది, మా దగ్గర ఎక్కువ సైట్లు అలాగే ఉంటాయి. కొన్ని అప్లికేషన్లు "ఇది సురక్షితం కాదు, 443కి పో" అని తిప్పి పంపుతాయి. బ్రౌజర్ 443కి వస్తుంది, మళ్లీ లోపలికి మామూలుగానే వెళుతుంది, మళ్లీ తిప్పి పంపుతుంది. చివరికి మళ్లింపులు ఎక్కువయ్యాయని బ్రౌజరే విసిగి ఆపేస్తుంది. బయట ఏ భాషలో వచ్చాడన్నది ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో అన్న చీటీలో లిజనర్ రాసి పంపుతుంది. అప్లికేషన్ ఆ చీటీ చదివితే చాలు.

అలాంటిదే ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ అన్న చీటీ. వచ్చినవాడి అసలు ఐపీ అందులో ఉంటుంది. ఒక సంస్థ రాసిన లాగిన్ పేజీ ఆ చీటీ చదవలేదు. ఒకే చోటి నుంచి ఐదుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే పావుగంట బిగించేయాలని దాని నియమం. లోడ్ బ్యాలెన్సర్ వెనక నుంచి చూస్తే జనమంతా రెండు మూడు లోపలి అడ్రసుల నుంచే వస్తున్నట్టు కనిపిస్తారు. హాస్టల్లో ఐదుగురు కుర్రాళ్లు పాస్‌వర్డ్ మరిచిపోతే కాలేజీ మొత్తానికి తలుపు పడింది. చీటీ చదవడం మొదలుపెట్టాక కూడా జాగ్రత్త కావాలి. ఆ వరుసలో ఎడమవైపు ఉన్నది బయటివాడు కల్పించి పంపినదై ఉండొచ్చు. మన లోడ్ బ్యాలెన్సర్ తన చేత్తో చేర్చినది కుడి చివర ఉంటుంది, నమ్మాల్సింది దాన్ని.

హెల్త్ చెక్ గురించి రెండు ముక్కలు. ప్రతి 30 సెకన్లకు ఒకసారి లోడ్ బ్యాలెన్సర్ ప్రతి సర్వర్‌ను "బాగున్నావా" అని అడుగుతుంది, 200 అని జవాబు వస్తే బాగున్నట్టు. మొదటి పేజీని అడగమని పెడితే, అది లాగిన్‌కు మళ్లించేదైతే 302 వస్తుంది, ఆరోగ్యంగా ఉన్న సర్వర్‌కు రోగి అని ముద్ర పడుతుంది. దానికోసం విడిగా ఒక చిన్న పేజీ ఉండాలి. ఇంకా, కనెక్షన్ ఊరికే ఉంటే లోడ్ బ్యాలెన్సర్ 60 సెకన్లు ఓపిక పడుతుంది. వెనకున్న సర్వర్ అంతకంటే ముందే ఫోన్ పెట్టేసే రకమైతే అప్పుడప్పుడూ, ఏ కారణమూ కనిపించకుండా 502 ఎర్రర్లు వస్తాయి. నోడ్ జేఎస్‌లో ఈ అంకె చాలా కాలం 5 సెకన్లుగా ఉంటూ వచ్చింది. వెనకవాడి ఓపిక ముందువాడి ఓపికకన్నా ఎక్కువ ఉండేలా చూసుకోవాలి.

నెల చివర్లో నేను చేసే చాకిరీ ఒకటి ఉంది. లిజనర్ల జాబితా మొత్తం తీసి చూడటం. 80, 443 ఉండాల్సిన చోట 8080, 8443 లాంటివి మొలుస్తుంటాయి. పరీక్షించడానికి ఎవరో తెరిచి, పని అయ్యాక మరిచిపోయినవి. ఎవరిదిది అని టీమ్ గ్రూపులో అడుగుతాను, ఎవరూ పలకరు. యాక్సెస్ లాగ్‌లు చూస్తాను. అవి మొదట్లోనే ఆన్ చేసుకుని ఉండాలి, వాటంతటవి రావు. దాని మీదకు ఒక్కడూ రావడం లేదని తేలితే తీసేస్తాను. తీసేసిన పూటే ఎవరో ఒకరు పరుగెత్తుకొస్తారు, "అక్కా, రేపు డెమో ఉంది, నా లింకు పనిచేయడం లేదు" అని. ఓహో నీదా అది అంటాను. ఈసారి తెరిచేటప్పుడు ట్యాగ్‌లో పేరు, తీసేయాల్సిన తేదీ రాయించి మరీ తెరుస్తాను.